నూనెలో కాస్త తడి

తుప్పు గురించి రాయడానికి ఏముంటుందని ఈమధ్య ఒక మిత్రుడు అడిగారు. తుప్పు పట్టిన గేటును చూసి కవిత్వం చెప్పినవారు ఉండవచ్చు గాని, తుప్పును చూస్తూ జీవితం గడిపినవారు తక్కువే. ఆ కొద్దిమందిలో నేనొకణ్ణి. నా ఉద్యోగకాలంలో అధికభాగం లోహపు ముక్కలను కోసి, అద్దంలా నునుపుచేసి, ఆమ్లంతో కడిగి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడటంలోనే గడిచింది. చూసినది ముఖ్యంగా ఒకే లోహం, జిర్కోనియం. వెతికినది ముఖ్యంగా ఒకే దోషం, ఆ లోహంలోకి చొరబడిన ఉదజని. పదవీ విరమణ తరువాత తీరికగా ఆలోచిస్తే, ఈ లోహం గురించి నేను నేర్చుకున్న వాటిలో అన్నిటికంటే విలువైన పాఠం నేను ఎన్నడూ కంటితో చూడని ఒక రియాక్టరు నుంచి వచ్చిందని తోస్తోంది. ఆ రియాక్టరులో నీటికి బదులు నూనె ప్రవహించేది. ఈ వ్యాసం దాని కథ. విజ్ఞానశాస్త్రంతో పరిచయం లేనివారికి కూడా అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను. మొదట్లో కాస్త ఓపిక పట్టమని మనవి.

అణువిద్యుత్ రియాక్టరులో యురేనియం పరమాణువులు పగిలి వేడి పుడుతుంది. ఆ వేడిని ఏదో ఒక ద్రవం మోసుకుపోవాలి. దానితో ఆవిరి పుట్టించి, టర్బైను తిప్పి, విద్యుత్తు తీస్తారు. వేడిని మోసే ఆ ద్రవానికి శీతలకం అని పేరు. యురేనియం శీతలకంలో కలవకుండా దాన్ని ఒక లోహపు గొట్టంలో బిగించి ఉంచాలి. ఆ లోహం న్యూట్రాన్లను మింగరాదు, వేడికి మెత్తబడరాదు, శీతలకానికి లొంగరాదు. మూడు షరతులనూ చాలావరకు తీర్చగలిగినది జిర్కోనియం. ఇనుము మింగే న్యూట్రాన్లలో ఇది పదో వంతు కూడా మింగదు.

ఈ లోహంతో తెలుగువారికి ఉన్న చుట్టరికం చాలామందికి తెలియదు. సముద్రతీరపు ఇసుకలో జిర్కాన్ అనే ఖనిజం ఉంటుంది. మన భీమునిపట్నం తీరపు ఇసుకలోనూ ఉంది. హైదరాబాదులో 1971లో నెలకొన్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో అటువంటి ఇసుక నుంచి జిర్కోనియాన్ని తీసి గొట్టాలుగా మలుస్తారు. దేశంలోని భారజల రియాక్టర్లకు ఇంధనం అక్కడి నుంచి వెళుతుంది. ఇసుక లోహంగా మారే దారి సుదీర్ఘమైనది. ముందుగా తోడబుట్టినట్టు అంటిపెట్టుకుని ఉండే హాఫ్నియాన్ని విడదీయాలి. అది న్యూట్రాన్లను జిర్కోనియం కంటే వందల రెట్లు ఎక్కువగా మింగుతుంది. ఆ తరువాత క్లోరిన్‌తో కలిపి, ఆ క్లోరైడును మెగ్నీషియంతో విడగొడితే స్పంజిలాంటి లోహం మిగులుతుంది. దాన్ని కరిగించి, పోత పోసి, సాగదీసి, సాగదీసి, చివరకు గోడ మందం అర మిల్లీమీటరు కూడా లేని గొట్టాలు తయారుచేస్తారు. ఈ క్లోరిన్ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇంత కష్టపడి తయారుచేసిన లోహాన్ని నీటిలో పెడితే ఏమవుతుంది? నీటిలోని ప్రాణవాయువును లాక్కుని తన ఒంటిమీద ఒక పల్చని ఆక్సైడు పొర కప్పుకుంటుంది. అది నల్లగా, నున్నగా, గట్టిగా అతుక్కుని ఉంటుంది. ఇనుముకు పట్టే తుప్పులా పొలుసులుగా రాలిపోదు. రాలిపోదు గనుక ఆ తుప్పే ఆ లోహానికి కవచం. అయితే నీటి అణువులో ప్రాణవాయువు ఒక్కటే లేదుగదా. దాన్ని లాక్కోగా మిగిలిన హైడ్రోజన్‌లో కొంత భాగం పొర దాటి లోహంలోకి దిగుతుంది. హైడ్రోజన్‌ను మనవాళ్ళు ఉదజని అన్నారు, నీటిని పుట్టించేది అని అర్థం. ఎంత చక్కని పేరో చూడండి. నీటిని పుట్టించేది నీటిలో ఉండటంలో వింత లేదు. నీరు లేని చోట కూడా అది పొంచి ఉండటమే ఈ కథకు కీలకం.

నీటితో ఇంకొక చిక్కు ఉంది. మామూలుగా నూరు డిగ్రీల దగ్గర మరిగే నీటిని 300 డిగ్రీల దగ్గర కూడా ద్రవంగానే ఉంచాలంటే సుమారు 85 వాతావరణాల పీడనంతో అదిమి పెట్టాలి. ఇంకా పైకి వెళ్ళాలంటే పీడనం ఇంకా వేగంగా పెరుగుతుంది. అందుకే నీటి రియాక్టరులో ప్రతి గొట్టమూ, ప్రతి కవాటమూ, ప్రతి అతుకూ ఆ ఒత్తిడిని రాత్రింబవళ్ళు మోస్తూ ఉండాలి. ఇంత చేసినా ఉష్ణోగ్రత అంతంత మాత్రమే, ఆవిరిలో సత్తువ కూడా అంతంత మాత్రమే.

ఈ బాధ పడలేక 1950లలో కొందరు ఇంజనీర్లు నీటిని వదిలి నూనె వైపు చూశారు. వారు ఎంచుకున్నవి టెర్‌ఫినైల్ అనే జాతి పదార్థాలు. మూడు బెంజీను వలయాలను గొలుసులా కలిపితే టెర్‌ఫినైల్ అవుతుంది. 18 కార్బన్ పరమాణువులు, 14 ఉదజని పరమాణువులు, అంతే. గది ఉష్ణోగ్రత వద్ద మైనంలా గడ్డకట్టి ఉంటుంది. వేడిచేస్తే కరిగి, మామూలు వాతావరణ పీడనంలోనే 330 నుంచి 380 డిగ్రీల మధ్య మరుగుతుంది. అంటే 400 డిగ్రీల దగ్గర దాన్ని ద్రవంగా నిలపడానికి కొద్దిపాటి పీడనం చాలు. బరువైన ఉక్కు పాత్రలతో పనిలేదు. పైగా ఆ నూనెలో ప్రాణవాయువే లేదు. ప్రాణవాయువు లేనిచోట తుప్పు ఎక్కడిది? చవకబారు కార్బన్ ఉక్కు గొట్టాలు వాడినా చెడవు. తుప్పు లేకపోతే ఆ తుప్పు రేణువులు రేడియోధార్మికతను పులుముకుని గొట్టాల నిండా తిరగడమూ ఉండదు. పనివాళ్ళు గొట్టాల పక్కనే నిలబడి మరమ్మతులు చేసుకోవచ్చు.

ఈ తర్కం మన ఇళ్ళలో పుట్టి పెరిగినవారికి ఎవరూ బోధించనక్కరలేదు. దోసెల పెనం కడిగి ఆరబెట్టి నూనె రాసి పెడతాం, తుప్పు పట్టకూడదని. మా నాయనమ్మ ఆవకాయ జాడీ దగ్గరకు తడి చేత్తో ఎవరినీ రానిచ్చేది కాదు. ముక్కలు మునిగేలా నూనె తేలి ఉండాలి, ఒక్క నీటి బొట్టు పడినా బూజు పడుతుందని ఆమె నియమం. నూనె కాపాడుతుంది, నీరు పాడుచేస్తుంది. తరతరాల అనుభవం ఈ రెండు ముక్కల్లో ఉంది. అమెరికా ఇంజనీర్లకు ఆవకాయ తెలియకపోయినా వారి ఆలోచన సరిగ్గా ఆ జాడీలోని ఆలోచనే.

అమెరికాలోని ఐడహో ఎడారిలో 1957లో మొదటి ప్రయోగాత్మక రియాక్టరు నడిచింది. ఆ అనుభవంతో ఒహాయో రాష్ట్రంలో పిక్వా అనే చిన్న పట్టణానికి నూనెతో చల్లబడే విద్యుత్ కేంద్రాన్ని కట్టారు. 1963లో అది పని మొదలుపెట్టింది. పురపాలక సంఘం నడిపిన అణువిద్యుత్ కేంద్రంగా అమెరికాలో అదే మొదటిది. పదకొండు మెగావాట్ల చిల్లర కేంద్రం అది, 1966 జనవరిలో ఆగి మళ్ళీ నడవలేదు. నూనెకు వేడి ఒక్కటే కాదు, వికిరణం కూడా సోకుతుంది. అణువులు తెగి, తెగిన ముక్కలు కొన్ని ఒకదానికొకటి అతుక్కుని తారులాంటి చిక్కని పదార్థంగా మారతాయి. వంటింట్లో పదేపదే కాచిన నూనె మూకుడు అంచున కట్టే జిగురు మీరు చూసే ఉంటారు. అటువంటి మడ్డి రియాక్టరు గర్భంలో పేరుకుపోయి పిక్వాను మూయించింది.

తెగిన అణువులలో మిగిలిన ముక్కల సంగతి ఏమిటి? మీథేన్ వంటి తేలికపాటి వాయువులతో పాటు విడిగా బయటపడేది ఉదజని. ప్రాణవాయువు లేదు గనుక తుప్పు లేదని సంబరపడ్డ చోట, ప్రతి అణువులోనూ పద్నాలుగు చొప్పున ఉదజని పరమాణువులు కూర్చుని ఉన్నాయి. ఉక్కుకు దానితో పెద్ద ఇబ్బంది కలగలేదు. జిర్కోనియానికి మాత్రం పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది.

ఉదజని జిర్కోనియాన్ని ఏం చేస్తుందో ఇక్కడ చెప్పాలి. వేడిగా ఉన్నప్పుడు లోహం దాన్ని తనలో కరిగించుకుంటుంది. 300 డిగ్రీల దగ్గర బరువులో పదిలక్షల భాగాలకు సుమారు 60-70 భాగాలు, 400 డిగ్రీల దగ్గర సుమారు 200 భాగాలు పడతాయి. చల్లారి గది ఉష్ణోగ్రతకు వస్తే ఒక్క భాగం కూడా పట్టదు. పాకం చల్లారితే పంచదార పలుకులు తేలినట్టు, లోహం చల్లారితే ఉదజని హైడ్రైడు రూపంలో బయటపడుతుంది. సూక్ష్మదర్శినిలో అవి బూడిదరంగు నేల మీద నల్లని వెంట్రుకల్లా కనిపిస్తాయి. హైడ్రైడు పెళుసు. తాను పుట్టిన లోహం కంటే సుమారు 17 శాతం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి చుట్టుపక్కల లోహాన్ని ఒత్తుతుంది. ఆ వెంట్రుకలు గొట్టపు గోడ వెంట గుండ్రంగా పరుచుకుంటే కొంత నయం. గోడకు అడ్డంగా, లోపలి నుంచి బయటికి నిలిస్తే పగులుకు తయారుగా ఉన్న బాట అదే. చిన్న పగులు మొన దగ్గర ఒత్తిడి ఎక్కువ కనుక ఉదజని మెల్లగా అక్కడికి చేరుతుంది, హైడ్రైడు అవుతుంది, విరుగుతుంది. పగులు ఒక అడుగు ముందుకు వేస్తుంది. మళ్ళీ ఉదజని అక్కడికి చేరుతుంది. పైకి గొట్టం తళతళలాడుతూనే ఉంటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. ఈ ఇంటి దొంగను పట్టడం మా ఉద్యోగం. పట్టుకునే మార్గం ఒకటే, గొట్టం లోపలి నుంచి చిన్న చిలుము గీకి తెచ్చి, వేడిచేసి, ఎంత ఉదజని వదిలిందో కొలవడం. ఆ కొలత ఎంతో దాన్నిబట్టి గొట్టానికి ఇంకా ఆయుష్షు ఉందో లేదో చెప్పాలి. కాగితం మీద అది ఒక చిన్న అంకె. దాని కింద సంతకం చేసే రాత్రి నిద్ర అంత తేలికగా పట్టదు.

అసలు ప్రశ్న ఇది. నీటిలో కూడా ఉదజని ఉంది, నూనెలో కూడా ఉదజని ఉంది. నీటిలో ఏళ్ళ తరబడి మన్నే లోహం నూనెలో ఎందుకు అంత వేగంగా ఉదజనిని తాగేసింది? ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ ప్రశ్న నన్ను అడిగినది మా పై అధికారి. ఆయన పేరు ఇక్కడ చెప్పను, ఆయనకు అది నచ్చేది కాదు. నా బల్ల మీద అంచులు పసుపుబారిన కెనడా నివేదిక నకలొకటి పెట్టి, "నూనెలో తుప్పు పట్టదు గదా, మరి లోహం ఎందుకు పాడయిందో చెప్పవయ్యా" అన్నారు. రెండు రోజులు చదివి, "నూనెలో ఉదజని ఎక్కువ గనుకనా సార్?" అన్నాను. ఆయన నవ్వి, "నీ జవాబు సగమే. దొంగలు ఎక్కువైనారని చెబుతున్నావు. తలుపు సంగతి చూశావా?" అన్నారు.

తలుపు అంటే ఆ నల్లని ఆక్సైడు పొర. ఉదజనికి జిర్కోనియం మీద ఉన్న మమకారం చెప్పనలవి కానిది. మధ్యలో ఆ పొర లేకపోతే కలిసిపోవడానికి క్షణం ఆలస్యం చేయదు. పొర పల్చనిదైనా దట్టంగా ఉంటే ఉదజని దాన్ని దాటడం మహా కష్టం. అయితే పొర అనేది ఒకసారి కప్పి మరిచిపోయే దుప్పటి కాదు. దానిలో సన్నని బీటలు పడుతూనే ఉంటాయి. ఆ వేడిలో పొరలోని ప్రాణవాయువు కింది లోహంలోకి కొద్దికొద్దిగా ఇంకిపోతూ ఉంటుంది కూడా. నీటిలో ఈ నష్టం తెలియదు. బీట పడిన చోట నీటి నుంచి కొత్త ప్రాణవాయువు అందుతుంది, పొర మళ్ళీ కూడుతుంది. పుండు మీద పక్కు కట్టినట్టే. నూనెలో పక్కు కట్టడానికి ముడిసరుకు లేదు. ముందుగా ఆవిరిలో ఉంచి చక్కని పొర ఎక్కించి పంపిన గొట్టమైనా సరే, పొడి నూనెలో పడ్డాక ఆ పొర అరుగుతుందే గాని పెరగదు. ఎక్కడో ఒకచోట తలుపు తెరుచుకుంటుంది. బయట ఉదజని సిద్ధంగా ఉంటుంది.

నూనెలో లేశమాత్రం క్లోరిన్ ఉంటే ఈ వినాశం ఇంకా వేగవంతమవుతుందని ప్రయోగాలలో తేలింది. ఏ లోహం పుట్టుకకు క్లోరిన్ మంత్రసానిగా నిలిచిందో, ఆ లోహం రక్షణ పొరను చెడగొట్టేదీ క్లోరినే. ఉక్కు గొట్టాల నుంచి ఇనుమును కదిలించి ఇంధనం మీద పేర్చడంలో కూడా దాని చెయ్యి ఉంది.

ఈ కష్టాన్ని చూసి ఐరోపావారు జిర్కోనియాన్నే పక్కన పెట్టజూశారు. ఇటలీలోని ఇస్ప్రాలో యూరాటమ్ సంస్థ ఆర్గెల్ అనే పథకం చేపట్టింది. భారజలం మితకారి, నూనె శీతలకం. అల్యూమినియం పొడిని దాని ఆక్సైడుతో కలిపి గట్టిపరచిన పదార్థాన్ని గొట్టాలకు వాడాలని వారి తలంపు. ఆ పదార్థం వేడికి నిలిచేది గాని, సాగే గుణం తక్కువ. లోపల ఇంధనం ఉబ్బితే తట్టుకుని వంగడం దానికి చేతకాదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

కెనడావారు మాత్రం జిర్కోనియాన్ని విడువలేదు. మనిటోబా రాష్ట్రంలో విన్నిపెగ్ నది ఒడ్డున వైట్‌షెల్ పరిశోధనా కేంద్రం కట్టి, అక్కడ డబ్ల్యూఆర్-1 అనే రియాక్టరును 1965 నవంబరు 1న నడిపారు. 60 మెగావాట్ల ఉష్ణశక్తి దానిది. మితకారి భారజలం. శీతలకం కొంతవరకు ఉదజనీకరించిన టెర్‌ఫినైల్ నూనె. దానితోనే జిర్కోనియం ప్రశ్నకు జవాబు దొరికింది. జవాబు విన్న మొదటిసారి నాకు నవ్వు వచ్చింది, తరువాత చాలాసేపు ఆలోచన పట్టుకుంది. ఆ జవాబు ఇది: నూనెలో కాస్త నీరు కలపండి.

అంతే సుమా. క్లోరిన్ చొరబడకుండా కాపలా కాస్తూ, నూనెలో అతి కొద్ది మోతాదు నీటిని ఎప్పుడూ నిలిపి ఉంచారు. ఆ తడి పొరకు ఆహారం. బీట పడిన చోటల్లా పక్కు కడుతుంది, తలుపు మూసుకుంటుంది, ఉదజని బయటే ఆగుతుంది. నీటి తుప్పు భయంతో నీటిని వెళ్ళగొట్టి నూనెను తెచ్చుకున్నవారు, ఆ నూనెలో లోహాన్ని బతికించుకోవడానికి నీటినే బతిమాలి పిలిపించుకున్నారు. మా నాయనమ్మ వింటే నమ్మేది కాదు.

నీరు ఎక్కువైనా ముప్పే, ఆవిరి బుడగలు కట్టి పంపులకు, ఇంధనానికి చిక్కు. తక్కువైతే పొర ఆకలితో చస్తుంది. ఆ మోతాదును ప్రతిరోజూ కొలవాలి, తరిగిన మేరకు చేర్చాలి. ఇలా నడుపుతూ, జిర్కోనియం-నయోబియం మిశ్రలోహపు గొట్టాలతో ఆ నూనెను 400 డిగ్రీలు దాటించి కూడా పని చేయించారు. నీటితో పడని యురేనియం కార్బైడును ఇంధనంగా వాడగలిగారు. గొట్టాల చుట్టూ వికిరణం చాలా తక్కువగా ఉండేది. అలాగని కష్టాలు లేకపోలేదు. వేడి నూనెకు నిప్పు భయం ఉంది. 1978 నవంబరులో రెండున్నర వేల లీటర్లకు పైగా నూనె కారిపోయి, అధికభాగం విన్నిపెగ్ నదిలో కలిసింది. నది మీద ఆధారపడిన ఊళ్ళవారికి అది లోహశాస్త్ర విజయగాథగా కనిపించదు, కనిపించనక్కరలేదు. అంతకుముందే, 1972లో, కెనడా తన విద్యుత్ కేంద్రాలన్నీ భారజలంతోనే చల్లబరచాలని నిర్ణయించి నూనె మార్గాన్ని విరమించుకుంది. డబ్ల్యూఆర్-1 పరిశోధనల కోసం ఇంకొంతకాలం నడిచి 1985 మేలో శాశ్వతంగా ఆగిపోయింది.

ఆగిపోయిన రియాక్టరు ఇచ్చిన జ్ఞానం మనకెందుకు అనవచ్చు. ఎందుకో చెబుతాను.

కెనడాతో సహకారంతో రాజస్థాన్‌లోని రావత్‌భాటాలో మొదలైన భారజల రియాక్టర్ల వంశమే తరువాత కల్పాక్కం, నరోరా, కాక్రాపార్‌లలో వెలిసింది. 220 మెగావాట్ల రియాక్టరు ఒక్కొక్కదానిలో 306 పీడన గొట్టాలు అడ్డంగా పరిచి ఉంటాయి. ఇంధనం వాటి లోపల ఉంటుంది, వేడి భారజలం సుమారు నూరు వాతావరణాల పీడనంతో వాటిలో ప్రవహిస్తుంది. గోడ మందం నాలుగు మిల్లీమీటర్లకు మించదు. ప్రతి గొట్టం చుట్టూ ఇంకొక గొట్టం, రెంటి నడుమ సన్నని ఖాళీ, ఆ ఖాళీలో కార్బన్ డయాక్సైడ్ వాయువు. బయటి గొట్టాన్ని చల్లని భారజలం తాకుతూ ఉంటుంది. వేడి గొట్టం చల్లని గొట్టాన్ని ముట్టుకోకుండా స్ప్రింగుల వలయాలు అడ్డుగా ఉంటాయి.

కెనడాలోని పికరింగ్ కేంద్రంలో 1983 ఆగస్టు 1న రెండో యూనిట్‌లో ఒక పీడన గొట్టం రెండు మీటర్ల పొడవున నిలువునా చీలింది. వలయం జరిగిపోయి, గొట్టం వంగి, చల్లని గొట్టాన్ని తాకింది. తాకిన చల్లని మచ్చ దగ్గరకు లోహంలోని భార ఉదజని అంతా చేరి, బొబ్బలా హైడ్రైడు కట్టి విరిగింది. మనుషులకు హాని జరగకుండా రియాక్టరును ఆపగలిగారు. ఆ గొట్టం జిర్కలాయ్-2 అనే మిశ్రలోహం. అందులోని నికెల్ ఉదజనిని పిలిచి మరీ లోపలికి తెస్తుంది. మనదేశపు తొలి ఏడు భారజల యూనిట్లలోనూ అదే లోహం ఉండేది. అందుకే వాటిలో గొట్టాలను మొత్తంగా మార్చే పనికి పూనుకున్నారు. రావత్‌భాటా రెండో యూనిట్‌లో 1994 నుంచి 1998 వరకు జరిగిన పని దానికి నాంది. కాక్రాపార్ రెండో యూనిట్ నుంచి జిర్కోనియం-నయోబియం లోహం మొదటినుంచే వాడుకలోకి వచ్చింది.

ఇక్కడ నా కథలో రెండు దారులు కలుస్తాయి. పీడన గొట్టానికి లోపలి వైపు నీరు ఉంది గనుక పొరకు ఆహారం దొరుకుతుంది. బయటి వైపు? అక్కడ పొడి వాయువు. నీరు లేదు, తుప్పు లేదు, పరమ శుభ్రం. నూనె రియాక్టరు గురించి చదివినవాడికి వెన్ను జలదరించవలసిన మాట ఇది. ఆ శుభ్రతలో కూడా బయటి పొర ఆకలితో అరిగి, ఆ దారిన ఉదజని చొరబడే ప్రమాదం ఉంది. అందుకని కెనడా రియాక్టర్లలో ఆ వాయువులో బుద్ధిపూర్వకంగా కాస్త ప్రాణవాయువు కలపడం అలవాటు చేశారు. నూనెలో చుక్క నీరు, వాయువులో చిటికెడు ప్రాణవాయువు. వేషం వేరు, సూత్రం ఒకటే.

బయటి వైపును తేలికగా చూడరాదని మనకూ అనుభవమైంది. కాక్రాపార్ మొదటి యూనిట్‌లో 2016 మార్చి 11న ఒక పీడన గొట్టం కారింది. గొట్టాలు మార్చి కొన్నేళ్ళే అయింది. పరీక్షించగా గొట్టం బయటి ముఖాన అక్కడక్కడ మచ్చలుగా పుట్టిన తుప్పు, దాని నుంచి పాకిన పగుళ్ళు కనిపించాయి. అంతకు ముందు సంవత్సరం రెండో యూనిట్‌లో కూడా ఒక గొట్టం కారి ఉంది. రెండింటిలోనూ గొట్టాలన్నీ మార్చి, రెండో యూనిట్‌ను 2018లో, మొదటి యూనిట్‌ను 2019లో తిరిగి నడిపారు. ఇది ఆకలితో అరిగిన పొర కథ కాదు. నీరు తాకని ముఖాన కూడా పొర బాగోగులు చుట్టూ ఉన్న వాయువు చేతిలో ఉంటాయని చెప్పే కథ.

మా పై అధికారి ఇప్పుడు లేరు. ఆ పసుపుబారిన నకలు ఏమయిందో నాకు తెలియదు. నూనె రియాక్టర్లను స్వయంగా నడిపి, ప్రతి ఉదయం నీటి మోతాదు కొలిచిన తరం కూడా వృద్ధాప్యంలో ఉంది. ఒక మార్గాన్ని మూసివేసినప్పుడు దానితోపాటు దాని పాఠాలను కూడా గోదాములో పెట్టి తాళం వేస్తాం. ఆ పాఠాలు ఎప్పుడో, ఎక్కడో, వేరే యంత్రంలో, వేరే ముఖంతో ఎదురవుతాయి. అప్పుడు గుర్తుపట్టేవారు ఒక్కరైనా ఉండాలి.

మా దగ్గరకు కొత్తగా వచ్చే పిల్లలు ఏ లోహాన్ని చూపించినా "ఇది తుప్పు పడుతుందా సార్?" అని అడిగేవారు. పడుతుందని చెప్పి, ఆ వెంటనే నేను ఇంకొక ప్రశ్న అడిగేవాణ్ణి. దాని పొర చిరిగితే మళ్ళీ కట్టుకోవడానికి కావలసినది దాని చుట్టూ ఉందా? లేకపోతే ఎవరు, ఎంత, ఎన్నాళ్ళకొకసారి ఇస్తున్నారు? ఇచ్చిన లెక్క ఎక్కడ రాస్తున్నారు? ఇప్పుడు ఆ పిల్లల్లో కొందరు అంకె కింద సంతకం చేసే స్థానాల్లో ఉన్నారు. అప్పుడప్పుడు ఫోను చేస్తారు. కుశలప్రశ్నలయ్యాక నేను అడిగేది ఆ లెక్క పుస్తకం గురించే.